మూలన తిరిగే ఫ్యాను

ఆ రోజుల్లో తార్నాకలో ఏ పనీ అనుకున్న వేళకు మొదలయ్యేది కాదు. మొదలైందంటే మాత్రం ఎవరు చెప్పినా ఆగేది కాదు. ఊరేగింపులు అంతే, రాస్తారోకోలు అంతే, మా ఇంటి ఓనరు వేయించుకున్న స్లాబు కూడా అంతే. ఆ స్లాబు పోత ముప్పాతిక వంతు పూర్తయిన మధ్యాహ్నం, నేను చేతిలో ఒక పోస్టుకార్డు పట్టుకుని వెదురు నిచ్చెన సగం దాకా ఎక్కి, "ఆపండి, కాంక్రీటు ఆపండి" అని గొంతు చించుకున్నాను. కింద కాంక్రీటు కలిపే మిల్లర్ మోత, పైన నినాదాల మోత, రెంటికీ నడుమ నా కేక. అది వినపడింది ఒక్క ఓనరుగారికే. ఆయన చంకలోంచి నోటుబుక్కు తీసి, అందులో అతికించి ఉన్న పేపరు ముక్కను నా ముఖం ముందు పెట్టి, శీర్షిక మీద వేలు ఆనించారు. "మొదలెడితే ఆపొద్దు" అని ఉంది. ఆ శీర్షిక పెట్టింది నేనే.

అప్పటికి నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చి, క్యాంపస్‌లో జర్నలిజం చదివి, హాస్టలు ఖాళీ చేసి, యూనివర్సిటీ గేటు దాటి రోడ్డుకు ఇవతల తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. (మా అమ్మ ఊళ్లో అందరికీ "మా బిడ్డ పట్నంల సెటిలయ్యింది" అని చెప్పుకునేది. నేను చేసిందల్లా రోడ్డు దాటడమేనని ఆమెకు చెప్పలేదు.) ఆఫీసులో నాకు అప్పగించింది శనివారం వచ్చే ఇళ్ల పేజీ. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకూ, పాత ఇంటిని బాగుచేయించుకునేవాళ్లకూ సలహాలు అందులో వచ్చేవి. నాకు తెలిసిన గృహనిర్మాణమల్లా మా నాయన ప్రతి ఎండాకాలం మట్టిగోడకు ఎర్రమన్ను పూయడం, ప్రతి వానాకాలం అది కారిపోవడం. ఆ సంగతి ఉద్యోగమిచ్చినవాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

సలహాలు రాసేది వారాసిగూడలో ఉండే ఒక రిటైర్డు ఇంజినీరుగారు. ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. వారం వారం నాలుగు అరఠావుల మీద నీలం సిరాతో రాసి పోస్టులో పంపేవారు. విషయం తెలిసిన మనిషి, అందులో సందేహం లేదు. కానీ ఆయన రాతకు ఒక పద్ధతి ఉండేది. మొదటి పేజీలో మనిషి గుహలోంచి బయటికి వచ్చేవాడు. రెండో పేజీలో గుడిసె వేసుకునేవాడు. మూడో పేజీలో ఇటుక కనిపించేది. నాలుగో పేజీ అడుగున "చివరగా ఒక్క మాట" అని ఉండేది. ఆ ఒక్క మాటే అసలు మాట. మా డెస్కుకూ ఒక పద్ధతి ఉండేది, దీనికి పూర్తిగా ఎదురు. మా ఇంచార్జిగారు మొదటిరోజే నాకు ఉపదేశించారు. "చూడమ్మా, వార్తకు పానం తలకాయల ఉంటది. జాగ సరిపోకుంటె తోకకెళ్లి కొయ్యి, నొప్పి తెల్వది." ప్రతి శుక్రవారం సాయంత్రం బోరుబావుల ప్రకటన ఒకటి వచ్చి పేజీలో పడేది. నేను బుద్ధిగా తోక కోసేదాన్ని. గుహలు, గుడిసెలు మాత్రం భద్రంగా అచ్చయ్యేవి.

ఉదాహరణకు ఇటుకల వ్యాసం. "ఇటుక నాణ్యత తెలుసుకోవాలంటే రెండు ఇటుకలను చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి" అన్నదాకా వచ్చింది. ఖంగుమంటే మంచి ఇటుక, చప్పగా మోగితే సరిగా కాలనిది అన్నది బోరుబావి కింద పడి పోయింది. మరో వారం ఇసుక. "గుప్పెడు ఇసుక తీసుకుని అరచేతుల మధ్య బాగా రుద్ది కింద పోసేయండి." అరచేతికి మట్టి అంటుకుంటే ఆ ఇసుక కొనొద్దని ఇంజినీరుగారు రాశారు, మేము వేయలేదు. రాష్ట్రంలో ఎంతమంది ఇటుకలు కొట్టుకుని, ఇసుక రుద్దుకుని, తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడ్డారో నాకు తెలియదు. ఒక్కరి సంగతి మాత్రం తెలుసు. ఆయన నా గది కిటికీ ముందే నిలబడ్డారు.

ఆయనే మా ఓనరు. నేను బాబాయిగారు అని పిలిచేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి, మెట్టుగూడ క్వార్టర్లలో ముప్పయ్యేళ్లు ఉండి, రిటైరయ్యాక తార్నాక గల్లీలో ఈ ఇల్లు కట్టుకున్నారు. రైల్వేలో ఆయన నేర్చుకున్నది ఒకటే. అచ్చులో ఉన్నది చేయాలి, అచ్చులో లేనిది చేయకూడదు. (ఆయన భార్య పిన్నిగారు అనేవారు: "ఆయనకు ఆకలేసిందో లేదో కూడా గోడ గడియారం చూసుకుని చెబుతారమ్మా.") ఇళ్ల పేజీ మొదటి సంచిక నుంచీ ప్రతి వ్యాసాన్నీ కత్తిరించి, అన్నం మెతుకుతో నోటుబుక్కులో అతికించి, ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకునేవారు. ఒక ఆదివారం పొద్దున కిటికీ బయట టక్కు టక్కు మని చప్పుడు వినపడి చూస్తే, చేతిలో రెండు ఇటుకలతో ఆయన.

"కొట్టానమ్మాయీ. ఇప్పుడేం చేయమంటారు?"

"మోగాయా బాబాయిగారూ?"

"మోగకేం, ఇటుకలు కదా. మోగితే మంచిదా, మోగకపోతే మంచిదా అన్నది రాయలేదు మీవాళ్లు."

"మోగితేనే మంచిది అనుకుంటా."

"అనుకుంటే ఎలాగమ్మా" అని నన్ను జాలిగా చూసి, ఆ రెండు ఇటుకల్నీ గోడ మీద పెట్టి, నోటుబుక్కులో "వేచి చూడాలి" అని రాసుకున్నారు. తోక కోసింది నేనేనని అప్పుడే చెప్పేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నన్ను చూపించి "మా ఇంట్లో పేపరు అమ్మాయి ఉంటుంది" అని ఆయన గల్లీ అంతా చెప్పుకునేవారు. ఆ గౌరవం పోగొట్టుకోవడం నా చేత కాలేదు.

ఇంతకీ ఆ ఇటుకలు ఎందుకంటే, పైన ఒక గది వేయడానికి. ఆ గది వెనక ఒక పంతం ఉంది. క్యాంపస్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం రోజూ ఊరేగింపులు. దండేల మీద బట్టలతోపాటు బాష్పవాయువు కోసం తడి చేతిరుమాళ్లు కూడా ఆరేసుకునే కాలం అది. టీవీలో తార్నాక కనిపించినప్పుడల్లా గుడివాడ నుంచి పిన్నిగారి తమ్ముడు ఫోన్ చేసేవాడు. "బావగారూ, ఉన్నదేదో అమ్మేసుకుని వచ్చేయండి, ఇక్కడ పక్క వీధిలోనే ఇల్లు చూసిపెట్టాను." వినీ వినీ పిన్నిగారికి కూడా గుబులు పట్టుకుంది. బాబాయిగారు ఆరు నెలలు ఆ ఫోన్లన్నీ విన్నారు. ఒకరోజు భోజనం దగ్గర, పైన గది వేస్తున్నానని ప్రకటించారు. "వెళ్లిపోయేవాడు ఎవడైనా స్లాబు వేస్తాడా?" అన్నారు నాతో. భార్యాభర్తల మధ్య రాజీ ఇలా కుదిరింది: అనుకున్న ముహూర్తానికి స్లాబు పడితే ఇక్కడే ఉంటారు, గుడివాడ మాట మళ్లీ ఎత్తరు. గొడవల వల్ల ఆ రోజు పడకపోతే, తమ్ముడు చెప్పినట్టు ఇల్లు అమ్మకానికి పెడతారు. పిన్నిగారు దేవుడి పటం ముందు నిలబడి ఒప్పుకున్నారు కాబట్టి దానికి అప్పీలు లేదు.

పని పట్టింది పాలమూరు పెద్దమేస్త్రీ. తార్నాక నుంచి లాలాపేట్ దాకా ఏ ఇంటిని చూపించినా "గిది నేనే కట్టిన" అనేవాడు, చాలాసార్లు అది నిజం కూడా. ఆయనకు బాబాయిగారి నోటుబుక్కు అంటే మహా వేడుక. "సార్, పేపర్ల ఏమొచ్చింది ఇయ్యాల? గోడ లేపన్నా, ఒద్దన్నా?" అని అడిగి పని మొదలుపెట్టేవాడు. గుడివాడ సంగతి విన్నాక మాత్రం తాపీ పక్కన పెట్టి, "మీరు ఏడికి పోతరు సార్. నేను పాలమూరు నుంచి బొంబై పోయిన, పుణె పోయిన, గీడికొచ్చిన. పోవుడు నా పని. మీ పని గాదు" అన్నాడు.

స్లాబుకు వారం ముందు ఇంజినీరుగారి స్లాబు వ్యాసం వచ్చింది. సెంట్రింగ్ చెక్కల సందుల్లోంచి సిమెంటు పాలు కారకుండా చూసుకోవడం, ఇనుప చువ్వలు చెక్కకు ఆనకుండా కింద చిన్న సిమెంటు బిళ్లలు పెట్టడం, మర్నాటి నుంచి మడులు కట్టి నీళ్లు నిలబెట్టడం, అన్నిటికన్నా ముందు ఒకసారి పోయడం మొదలుపెడితే అతుకు పడకుండా ఏకబిగిన పూర్తి చేయడం. మొత్తం పద్నాలుగు అంశాలు. శీర్షిక నేను పెట్టాను. తోక కూడా నేనే కోశాను, బోరుబావి ఆ వారం మరీ పెద్దది. బాబాయిగారు పద్నాలుగింటికీ నోటుబుక్కులో గళ్లు గీసుకుని టిక్కులు పెట్టడానికి సిద్ధమయ్యారు. ముహూర్తం రోజుకు సరిగ్గా బంద్ పడింది.

పొద్దున ఏడింటికి మెట్టుగూడ అడ్డా నుంచి కూలీలు నడిచే వచ్చారు. ఇసుక, కంకర, సిమెంటు ముందే వచ్చి గుమ్మం ముందు ఉన్నాయి. రావలసింది మిల్లర్ ఒక్కటే, ట్రాక్టరు వెనక తగిలించుకుని లాలాపేట్ నుంచి. చెప్పిన వేళ ఎనిమిది, అయినా రాలేదు. ఎనిమిదిన్నరకు తెలిసింది, చౌరస్తాలో విద్యార్థులు ఆపేశారని. పిన్నిగారు దేవుడి గది వైపు ఒకసారి చూశారంతే. ఆ చూపుకు బాబాయిగారి ముఖం పాలిపోయింది. నేను చెప్పులేసుకుని పెద్దమేస్త్రీతో పాటు చౌరస్తాకు పరుగెత్తాను.

అక్కడ నా అదృష్టం, మెడలో డప్పుతో మా హాస్టలు మెస్సు పోరాటాల నాటి తమ్ముడు కనిపించాడు. (నాకన్నా ఏడాది జూనియరు. డప్పు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ డప్పు అనే పిలిచేవాళ్లు.) రోడ్డు నడుమ ట్రాక్టరు, దాని వెనక మిల్లర్, చుట్టూ రెండు వందల మంది.

"అక్కా, నువ్వేంది గీడ? వార్త రాస్తున్నవా?"

"వార్త గాదు తమ్మీ, స్లాబు. మా ఓనరుది. ఇయ్యాల పడకపోతే ఇల్లు అమ్ముకొని పోతరంట."

"ఏడికి పోతరు?"

"గుడివాడ."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఓ పక్క మనం అందర్ని ఎళ్లగొడుతున్నమని టీవీల చెప్పబట్టిరి, ఈయనేంది స్లాబేస్తున్నడు" అని ఒకడు ఆశ్చర్యపోయాడు.

"పోవద్దనే ఏస్తున్నడు బిడ్డా" అన్నాడు పెద్దమేస్త్రీ.

"మేము ఎవ్వల్ని పొమ్మన్నం కాకా. మా రాష్ట్రం మాకు గావాలన్నం."

"మరి మిల్లర్ను పోనియ్యున్రి."

"అది అయ్యేది గాదు. బంద్ అంటే బంద్. మిల్లరైనా మంత్రి కారైనా బండి నడవది."

పెద్దమేస్త్రీ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "బండి నడవద్దు. మనిషి నడవచ్చు గద?"

"మనిషి నడవచ్చు."

"ట్రాక్టరును ఇడిసెయ్యి. మిల్లర్‌కు చక్రాలున్నయి, మీకు చేతులున్నయి. నూకుకుంట పోతే అది బండెట్లయితది, ఊరేగింపయితది."

డప్పు కాసేపు ఆలోచించాడు. రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేస్తున్నవాడు, సిద్ధాంతపరంగా అతనికి చిక్కేమీ కనిపించలేదు. ట్రాక్టరు కొక్కెం విప్పారు. నలభై చేతులు మిల్లర్ మీద పడ్డాయి. ముందు డప్పు, వెనక మిల్లర్, దాని వెనక నినాదాలు, అన్నిటికన్నా వెనక ట్రాక్టరు డ్రైవరు అయోమయంగా. (మర్నాడు మాకు పోటీ పత్రికలో ఆ ఫొటో వచ్చింది. కింద "కాంక్రీటు యంత్రంతో విద్యార్థుల వినూత్న నిరసన" అని రాశారు. ఆ వ్యాఖ్య రాసినవాడి మీద నాకు సోదరభావం కలిగింది.)

గల్లీలోకి డప్పు, నినాదాలు వినపడగానే పిన్నిగారు తలుపు గడియ పెట్టుకున్నారట, తమ్ముడు చెప్పింది జరిగిపోయిందని. బాబాయిగారు గేటు దగ్గర కదలకుండా నిలబడ్డారు. ఊరేగింపు ఆయన ముందుకు వచ్చి ఆగింది. ఆయన చేతి గడియారం చూసుకుని, నోటుబుక్కు తెరిచి, మిల్లర్ గడిలో టిక్కు పెట్టి, పక్కన "గంట నలభై నిమిషాలు ఆలస్యం" అని రాసుకున్నారు. అప్పటిదాకా అరుస్తున్న పిల్లలు ఒక్కసారిగా నవ్వేశారు.

"సార్, మిల్లర్ తెచ్చినం. ఒక్కసారి జై తెలంగాణ అనున్రి" అన్నాడు డప్పు.

"ముప్పయ్యేళ్లు రైల్వేలో చేశాను నాయనా. రాతపూర్వకంగా ఆర్డరు రాకుండా పచ్చజెండా ఊపిన పాపాన పోలేదు. రాష్ట్రం వచ్చిందని పేపర్లో పడనీ, అప్పుడు అంటాను."

"పడితే అంటరా?"

"అచ్చులో పడితే ఎందుకనను?"

ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు కార్యక్రమం, అంటే రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలపడం. స్లాబు రోజున పనివాళ్లందరికీ ఓనరు భోజనం పెట్టడం ఆనవాయితీ కాబట్టి పిన్నిగారి పెరట్లో అప్పటికే పెద్ద గంగాళం పొయ్యి మీద ఉంది. గల్లీ కూడా రోడ్డే కదా అని ఒక పాతిక మంది ఇక్కడే ఉండిపోయారు. తినే ముందు ఊరికే కూర్చోవడం ఎందుకని పెద్దమేస్త్రీ వాళ్ల చేతికి తట్టలు ఇచ్చాడు. సగం మందికి ఆ పని కొత్త కాదు, వాళ్ల నాయనలూ చిన్నాయనలూ ఈ తట్టలు మోసే వాళ్లను చదువుకు పంపినవాళ్లు. మిల్లర్ నుంచి నిచ్చెన మీదుగా పైదాకా వరస కట్టారు. "జై" అన్నప్పుడు తట్ట అందుకోవడం, "తెలంగాణ" అన్నప్పుడు పైవాడికి అందించడం. అంత లయగా పడిన స్లాబును తన జన్మలో చూడలేదని పెద్దమేస్త్రీ ఆ తర్వాత చాలా ఇళ్లలో చెప్పాడు.

నాకు తెలియకుండా జరిగింది ఒకటుంది. నేను పెరట్లో పిన్నిగారికి ఉల్లిపాయలు తరిగిస్తుండగా, పోత మొదలయ్యే ముందు, పెద్దమేస్త్రీ అడిగాడట. "సార్, కరెంటాయన రాలే. ఫ్యాను హుక్కులు, వైర్ల పైపులు పెట్టనేలేదు. జర ఆగుదమా?" కరెంటాయన చిలకలగూడ అవతల బంద్‌లో ఇరుక్కున్నాడు. బాబాయిగారు నోటుబుక్కు తీసి పద్నాలుగు అంశాలూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. ఫ్యాను హుక్కుల మాట ఎక్కడా లేదు. "ఇందులో లేదు మేస్త్రీ. ఇంత వివరంగా రాసినాయన అది రాయలేదంటే ఇప్పుడు అవసరం లేదన్నమాట. ఏదో కొత్త పద్ధతి వచ్చుంటుంది" అన్నారు. "పేపర్ల లేదంటే ఇగ నేనేం జేస్త" అని పెద్దమేస్త్రీ పోత మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం విడతలు విడతలుగా భోజనాలు. పప్పు నోట్లో పెట్టుకుని ఒక కుర్రాడు ఆగిపోయాడు. "అమ్మా, పప్పుల బెల్లమేసిన్రా?"

"చిటికెడేశాను నాయనా. ఏం, బాగోలేదా?"

"బాగనే ఉన్నది. పప్పనుకోని తింటున్న, పాయసమని ముందే చెప్పాలె."

"అలాగా. మరి నువ్వు ఆ గోంగూర పచ్చడి పెట్టుకుని చూడు, తర్వాత మాట్లాడు" అన్నారు పిన్నిగారు. ఆ కుర్రాడు పెట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, మాట్లాడకుండా మళ్లీ వడ్డించుకున్నాడు. పొద్దున గడియ పెట్టుకున్న పిన్నిగారు మధ్యాహ్నానికి విస్తరి విస్తరి దగ్గరా ఆగి ఎవరి ఊరేదో అడుగుతున్నారు. నేను చెయ్యి కడుక్కుని, తీరిక దొరికింది కదా అని సంచిలోంచి ముందురోజు ఆఫీసులో చేతికిచ్చిన పోస్టుకార్డు తీసి చదివాను. నీలం సిరా.

"సబ్ ఎడిటరుగారికి నమస్కారాలు. మొన్నటి నా వ్యాసంలో చివరి పేరా కనిపించలేదు. కాంక్రీటు పడేముందు ఫ్యాను హుక్కులు, కరెంటు గొట్టాలు అమర్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యమని అందులో రాశాను. ఎవరైనా అమాయకుడు అవి లేకుండా స్లాబు పోసుకుంటే ఆ ఉక్కపోత మన ఇద్దరికీ తగులుతుంది. నాకు చివర్లో చెప్పే అలవాటు, మీకు చివర కోసే అలవాటు. ఎవరో ఒకరం మారాలి."

తలెత్తి పైకి చూశాను. ఆ అమాయకుడు నోటుబుక్కు చంకన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఆనందంగా స్లాబు మీద తిరుగుతున్నాడు. అప్పుడు నిచ్చెన ఎక్కాను.

"ఫ్యాను హుక్కులు పెట్టాలి బాబాయిగారూ. ఇంజినీరుగారు రాశారు."

"ఎక్కడ?"

పోస్టుకార్డు ఇచ్చాను. రెండు వైపులా తిప్పి చూసి తిరిగి ఇచ్చేశారు. "ఇది చేతిరాత అమ్మాయీ. అచ్చులో ఎందుకు లేదు?"

నేను కోశానని చెప్పడానికి నోరు తెరిచాను. కింద వరసలో ఉన్న డప్పు, పైన తాపీతో పెద్దమేస్త్రీ, నిచ్చెన దగ్గరికి వచ్చిన పిన్నిగారు, అందరూ నన్నే చూస్తున్నారు. నోట్లోంచి వచ్చిన మాట వేరే. "ప్రెస్సులో ఏదో పొరపాటు జరిగింది."

"పొరపాటైతే సవరణ వేయాలి. వేయించు. సవరణ అచ్చులో పడితే హుక్కులు పెట్టిస్తాను. అంతవరకు మొదలెట్టింది ఆపను, మీవాళ్లే ఆపొద్దన్నారు." ఆయన తర్కంలో తప్పు పట్టడానికి నాలో ఏ నిజాయితీ మిగల్లేదు.

కాపాడింది పెద్దమేస్త్రీ. "స్లాబు ఆగదు సార్, ఆగద్దు గూడ. కని గీ నిచ్చెన మూల ఇంక పడలే. గాడికి వచ్చేసరికి అర్ధగంటయితది. ఒక్క హుక్కన్న ఏస్త. కని డబ్బ గావాలె." బాబాయిగారు జాబితా చూసుకుంటున్నారు. పిన్నిగారు ఆయన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్లి, కాఫీపొడి డబ్బా ఖాళీ చేసి తెచ్చి మేస్త్రీ చేతికిచ్చారు. "పేపరు వాళ్లకేం, వాళ్లు పడుకుంటారా ఆ గదిలో" అన్నారు. (పడుకోబోయేది ఎవరో తెలియకపోయినా నేను తలదించుకున్నాను.) మేస్త్రీ డబ్బాకు రెండు పక్కలా బెజ్జాలు పొడిచి, చువ్వ ముక్క ఒకటి అడ్డంగా దూర్చి, నోరు కిందికి ఉండేలా సెంట్రింగ్ చెక్క మీద బోర్లించి చువ్వలకు కట్టేశాడు. మూల గోడకూ ఫ్యాను రెక్కకూ ఎంత ఎడం ఉంటుందో మోచేత్తో కొలిచి, "జానెడు ఉంటది, చాలు" అన్నాడు. చివరి తట్ట ఆ డబ్బా మీద పడింది. పిల్లలు ఈలలు వేశారు. సాయంత్రం గుడివాడ నుంచి ఫోన్ వస్తే పిన్నిగారే తీశారు. "పడిందిరా. పిల్లలొచ్చి పోశారు. ఇక ఆ ఇల్లు వేరేవాళ్లకు చెప్పేసుకో. ఫ్యాను హుక్కు కూడా పెట్టారు." ఎక్కడ పెట్టారో మాత్రం చెప్పలేదు.

ఆ గదిలో మొదట చేరింది డప్పు, అతని స్నేహితుడు ఒకరు. మూలన ఫ్యాను, దాని కింద రెండు మంచాలు తల తల ఆనించి, మిగిలిన గదంతా మైదానంలా ఖాళీ. ఎండాకాలం ఎవరు వచ్చినా నేరుగా వెళ్లి ఆ మూలన నిలబడేవాళ్లు, దూరం నుంచి చూస్తే అంతమందికీ ఎవరో శిక్ష వేసినట్టుండేది. స్లాబుకు బెజ్జం కొట్టి నడుమన హుక్కు బిగించుకోవచ్చు కదా అంటే, పూర్తయిన స్లాబుకు బెజ్జాలు కొట్టవద్దని మరో వారం ఇళ్ల పేజీలో వచ్చిన ముక్కను బాబాయిగారు తీసి చూపించేవారు. "సవరణ రానీ, అప్పుడు చూద్దాం" అనేవారు. నేను ఆఫీసులో సవరణ మాట ఎత్తలేదు. ఎత్తితే కోసిందెవరని అడుగుతారు. ఇంజినీరుగారి వ్యాసాలకు మాత్రం ఆ వారం నుంచి తోక ఉంచి గుహలు కోయడం మొదలుపెట్టాను. ఆయన ఇంకో పోస్టుకార్డు రాశారు. "మనిషి గుహలోంచి ఎప్పుడు బయటికి వచ్చాడో పాఠకులకు తెలియడం లేదు" అని.

కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. మొదటి పేజీ అంతా ఆ అక్షరాలే పడిన పొద్దున ఎనిమిది గంటలకు నా ఫోను మోగింది. అప్పటికి నేను ఆ గది ఖాళీ చేసి వేరే చోట ఉంటున్నాను. అవతల బాబాయిగారు. "పేపరు చూశానమ్మాయీ. ఆ డప్పు అబ్బాయి నంబరు నా దగ్గర లేదు, నువ్వు చెప్పు. జై తెలంగాణ అన్నానని చెప్పు." ఆ వెంటే, "మన సవరణ ఏమైంది?" అన్నారు.

ఇప్పుడు నేను ఎక్కడ ఏం కోయాలో పదిమందికి చెప్పే కుర్చీలో ఉన్నాను. కొత్తగా చేరే పిల్లలకు చివరి పేరా ముందు చదవమని చెబుతాను, ఎందుకో చెప్పను. సవరణ వేయడానికి ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా వేయలేదు. మొదట్లో భయం వల్ల వేయలేదు. ఇప్పుడు, వేసేస్తే ఆయన ఫోన్ చేసి అడగడం మానేస్తారేమోనని. ఆ రోజు నిచ్చెన మీద నిలబడి అబద్ధమాడిన ఆ పిల్లను తలుచుకుంటే కోప్పడాలనిపించదు. ఎండకు కమిలిన ముఖం, చేతిలో పోస్టుకార్డు, చుట్టూ అంత సంతోషం, అందులో తన తప్పు ఎవరికీ కనపడకూడదని దాని తాపత్రయం.

మొన్నీమధ్య తార్నాక వెళ్లాను. ఆయనకు ఎనభై దాటాయి, పిన్నిగారు పప్పులో ఇంకా బెల్లం వేస్తున్నారు. పైగదిలో ఉద్యోగాలు చేసుకునే ఇద్దరమ్మాయిలు ఉంటున్నారు, మంచాలు రెండూ మూలనే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది, తలెత్తి చూస్తే కాఫీపొడి డబ్బా అంచు కనపడుతుంది. బాబాయిగారు నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. స్లాబు వ్యాసం అతికించిన చోట, పద్నాలుగో అంశం కింద, నాలుగు వేళ్ల వెడల్పున ఖాళీ వదిలి ఉంది. ఆ ఖాళీలో రంగు వెలిసిన ఎర్ర పెన్సిల్‌తో, రైళ్ల రాకపోకల పలక మీద రాసే పద్ధతిలో, ఒకే వాక్యం: "సవరణ రావలసి ఉన్నది." ఇంకా రాలేదు.